మామయ్య ఉంచుకున్న కత్తి

జూన్ 4

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఫోను పలకని కొండ మీద ఉద్యోగం ఏరికోరి తెచ్చుకున్నది ఈ ఇంట్లో నువ్వొక్కదానివే అని మీ అత్తయ్య రోజూ సాధిస్తోంది. నాకు మాత్రం ఇదే బాగుంది. ఫోనులో నువ్వు నన్ను ఒక్క మాటా పూర్తిగా చెప్పనివ్వవు. ఉత్తరమైతే మధ్యలో అడ్డురావడానికి వీల్లేదు, చివరిదాకా చదివి తీరాలి.

సంగతేమిటంటే, కత్తుల బీరువా ఖాళీ చేస్తున్నాను. నోరు తెరిచింది చాలు, మూసుకో. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ జట్టుని వెంటేసుకొని అడవుల్లో హద్దులు వేస్తూ తిరిగాను. తిరిగిన ప్రతిచోటా ఒక కత్తి కొన్నాను. అవసరానికి కొన్నవి కొన్ని, మోజుపడి కొన్నవి బోలెడు. రిటైరయ్యాక అవన్నీ ఆ బీరువాలో పడి నిద్రపోతున్నాయి. వానలు మొదలైతే చాలు, ఒక్కోదాన్నీ లేపి, తుడిచి, నూనె రాసి మళ్ళీ పడుకోబెట్టాలి. చంటిపిల్లల వార్డు నడుపుతున్నానని మీ అత్తయ్య వెక్కిరింపు. ఇక చాలనిపించింది. ఆరుబయట పనికి అన్ని విధాలా పనికొచ్చే కత్తి ఒక్కటి ఉంచుతాను. మిగతావి ఎవరి చేతికి పని ఉందో వాళ్ళకి పోతాయి.

పొడుగు నరుకుడు కత్తి వెనకింటి తోటమాలి పట్టుకెళ్ళాడు. తోలు కోసే వంకీ చాకు చెప్పులు కుట్టే ఆయనకి ఇచ్చాను. మీ అత్తయ్య తమ్ముడు వచ్చి కొమ్ము పిడి కత్తి అడిగాడు. హాల్లో గోడకి తగిలిస్తాడట. గోడకి వేలాడే కత్తిని చూస్తే నాకు జాలేస్తుంది, ఇవ్వనన్నాను. కాఫీ కూడా తాగకుండా మొహం మాడ్చుకొని వెళ్ళిపోయాడు.

అది సరే, నీ చెయ్యి ఎలా ఉంది? అక్కడి చలికి వేళ్ళు వాస్తున్నాయా? చేతితొడుగులతోనే పని చేస్తావా, తీసేస్తావా? ఆ మొండి బొటనవేలు ఏమైనా వంగుతోందా, లేక దాని పట్టుదల దానిదేనా? ఇవన్నీ వివరంగా రాయి. మంచు చాలా అందంగా ఉంది లాంటి కబుర్లు నాకొద్దు.

ఇట్లు,
నీ మామయ్య


జూన్ 15

మామయ్యా,

ఉత్తరం చివరిదాకా చదివాను, ఒక్కసారి కూడా అడ్డురాలేదు. సంతోషమేనా?

మేమిక్కడ ఇద్దరమే. నేను గాలినీ, వాననీ, చలినీ కొలుస్తాను. వైర్‌లెస్‌లో ఆ లెక్కలు కిందికి పంపే పెద్దాయన ఇంకొకరు. ఆయనకి దుమ్ము పడదు, తేమ పడదు, చలీ పడదు. ఈ కొండ మీద ఆ మూడూ తప్ప వేరే ఏమీ లేవు. అందుకని ఆయన్ని తుమ్ముల మాస్టారు అని పిలుచుకుంటున్నాను, మనసులోనే అనుకో. వారానికోసారి జీపు వస్తుంది. సరుకులూ, కిరసనాయిలూ, ఉత్తరాలూ దాంట్లోనే.

చెయ్యి బాగానే ఉంది. పొద్దున్నపూట వేళ్ళు కాస్త వాచి ఉంటాయి, టీగ్లాసు పట్టుకుంటే సర్దుకుంటాయి. తొడుగులతో మరలు తిప్పడం రాదు, తీసేసే తిప్పుతాను. కుడి బొటనవేలు ఏమాత్రం వంగదు. ఆరేళ్ళప్పుడు ఇనప గేటు దాని మీద పడ్డ నాటి నుంచి కర్రలాగే ఉంది, చలికి ఇంకా బిగుసుకుంటోంది. ఏది పట్టుకున్నా అది మాత్రం పక్కకి చాచుకొని నిలబడుతుంది. స్క్రూడ్రైవరు రోజూ జారుతుంది, నేను రోజూ తిడతాను.

ఇప్పుడు నా వంతు. అసలు ఏం జరుగుతోందక్కడ? నువ్వు కత్తులు పంచిపెట్టడం ఏమిటి? చిన్నప్పుడు సెలవులకి నీ జట్టు దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు, నువ్వు నాకు నేర్పిన మొదటి విషయం కత్తి అందుకోవడం. ఏటవాలులో నిలబడి కత్తి ఇచ్చేటప్పుడు పిడి ఎదుటివాడి వైపు ఉండాలి. తీసుకున్నవాడు ‘నా చేతిలో ఉంది’ అని పైకి అనేదాకా ఇచ్చినవాడు వదలకూడదు. నేను సిగ్గుపడి అనకపోతే నువ్వూ అలాగే పట్టుకొని నిలబడ్డావు. జట్టంతా మన ఇద్దరి కోసం కొండ మీద ఆగిపోయింది. గుర్తుందా? అంత పట్టుదల మనిషి బీరువా తలుపులు బార్లా తీసి కూర్చున్నాడంటే నాకు భయంగా ఉంది. ఒంట్లో ఎలా ఉందో దాచకుండా రాయి. పైగా ఆరుబయటికని ఒక కత్తి ఉంచుకోవడమేమిటి? ఈ వయసులో మళ్ళీ అడవి మీద మనసు పోయిందా?

అత్తయ్యకి నా నమస్కారాలు.

నీ మేనకోడలు


జూన్ 26

చిరంజీవికి,

నా ఒంటికేం? రాయిలా ఉన్నాను. నువ్వు చెయ్యి గురించి రాసినది మూడుసార్లు చదువుకున్నాను. కావలసింది తెలిసింది.

బీరువాలో ఇప్పుడు నాలుగే మిగిలాయి. ఏరడం ఎంత కష్టమో నాకు ఇన్నాళ్ళూ తెలియదు. కొనేటప్పుడు ప్రతిదానికీ ఏదో ఒక సాకు దొరుకుతుంది. వదిలేటప్పుడు ఒక్కో సాకూ విప్పి చూసుకోవాలి. మడతపెట్టే చాకుని ముందు తీసేశాను. జేబులో ముద్దుగా ఉంటుంది గానీ, మట్టి పడితే మడత తెరుచుకోదు, గట్టిగా నొక్కితే ఎప్పుడు వేలి మీద మూసుకుంటుందో తెలియదు. తరవాత ఆ తళతళలాడే విదేశీ కత్తి. దాని వీపు మీద రంపం పళ్ళున్నాయి. సంచిని చింపడానికి తప్ప ఆ పళ్ళు దేనికీ పనికిరాగా నేనెప్పుడూ చూడలేదు. మరీ పెద్దది పోయింది. పెద్ద కత్తి గొడ్డలి పని చేయబోయి చెడుతుంది, చిన్న పనికి వంగదు.

చివరికి తేలింది నా పాత నల్లకత్తి. నీకు గుర్తుండే ఉంటుంది, గుడారం మేకులు చెక్కిచ్చేవాణ్ణి దాంతో. కోసే అలుగు అరచెయ్యంత. పిడి లోపల కూడా ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒకటే ఇనుము, విరిగే ప్రశ్న లేదు. వీపు మందం, అంచు సన్నం. ఒకటే లోపం, తుప్పు పడుతుంది. తుప్పు పట్టనిది కొనుక్కోవచ్చు కదా అంటావు. తుప్పు పట్టనిది అంత తేలిగ్గా పదునెక్కదు. దీనికైతే చదును రాయి ఏది దొరికినా చాలు. తడి తుడిచి చుక్క నూనె రాస్తే మన తరవాత కూడా ఉంటుంది.

పాత పిడి పగిలింది. కొత్తది చేస్తున్నాను. ముందు మెత్తని చెక్కతో ఒక నమూనా చేసి చూశాను, కుదరలేదు. రెండోది చేస్తున్నాను. చేతిలో ఒదగకపోతే ఎంత మంచి ఇనుమైనా దండగ.

అక్కడ తాళ్ళు ఎక్కువగా కొయ్యాల్సి వస్తుందా, కర్రలా?

నీ మామయ్య

ఇది అత్తయ్య రాస్తున్నాను. ఆయన టీకి లేచారు. నీకు చెప్పొద్దన్నారు గానీ చెప్పకుండా ఉండలేను. వేళ్ళన్నీ కట్లతో ఉన్నాయి. పొద్దస్తమానం ఆ గదిలో తలుపేసుకొని చెక్కుతూ కూర్చుంటున్నారు. ఏం చేస్తున్నారో, ఎందుకో చెప్పరు. నిన్న చెయ్యి తెగి రక్తం పేపరు మీద కారుతోంటే, నేను చూసి అరిచేదాకా ఆయనకి తెలియనే లేదు. డాక్టరు కత్తులు ముట్టుకోవద్దన్నాడు. నా మాట గాలికి పోతోంది. నీ మాటైతే వింటారు. గట్టిగా రాయమ్మా.


జూలై 5

మామయ్యగారికి,

మీరు రాయిలా ఉన్నారని రాశారు. రాయికి రక్తం కారదు.

అత్తయ్యని ఏమీ అనకండి. ఆవిడ రాసి ఉండకపోతే మీరు ఒక్క ముక్క కూడా చెప్పేవారు కాదు. డాక్టరు వద్దన్నాడు, అత్తయ్య వద్దంటోంది, మీరు మాత్రం తలుపేసుకొని కత్తితో ఆడుకుంటున్నారు. బీరువా అంతా ఖాళీ చేసి లోకం కోసం త్యాగం చేసినట్టు రాశారు. తీరా చూస్తే అన్నిట్లోకీ పదునైనది, అన్నిట్లోకీ ప్రమాదమైనది ఏరి మరీ అట్టిపెట్టుకున్నారు. మీరు ఇంక అడవికి వెళ్ళేది లేదు. మీ పెరట్లో కొయ్యడానికి కర్రలూ లేవు. మరి ఎందుకది?

ఆ ఒక్కటి కూడా వద్దు. ఎవరికైనా ఇచ్చేయండి. మీ కత్తి వద్దు, మీ కొత్త పిడి వద్దు. మీరు బాగుంటే నాకు చాలు.

మీ మేనకోడలు


జూలై 14

చిరంజీవికి,

‘మీరు’ అన్నావు. నీకు పిచ్చి కోపం వస్తే తప్ప ఆ మాట నీ నోట రాదు. మీ అమ్మా అంతే. నా చేత తిట్లు తినాలనుకున్నప్పుడు మాత్రమే అన్నగారూ అనేది.

వద్దన్నావు. ఆ మాట నేను నీ నుంచి అనుకోలేదు. ఎవరు వద్దన్నా సరే, నువ్వు అనవనుకున్నాను. దాచడమెందుకు, మనసుకి కష్టమేసింది. రెండు రోజులు ఆ గదిలోకి పోలేదు.

మూడో రోజు మళ్ళీ కూర్చున్నాను. సగం చెక్కిన పిడిని అలా వదిలేయడం నాకు చేతకాదు. తీసుకునేవాళ్ళు లేకపోతే పోనీ, చేసినవాడి తృప్తి కోసమైనా పూర్తి కావాలి. త్వరగా కావాలి కూడా. ఎందుకు త్వరగా అని అడగకు.

మెత్తచెక్క నమూనా మూడోది కుదిరింది. అసలు చెక్క మీద పని మొదలైంది. అత్తయ్యతో రాజీ కుదిరింది. తను పక్కనే కుర్చీ వేసుకొని కూర్చుంటుంది, పేపరు చదువుతూ కట్టుకి గుడ్డ సిద్ధంగా పెట్టుకుంటుంది. నేను చెక్కడం కన్నా తను చూడడమే నాకు భయంగా ఉంది.

తుమ్ముల మాస్టారికి మిరియాల పొడి వేడినీళ్ళలో వేసుకొని తాగమను. తగ్గకపోయినా కోపం వచ్చి పని చేస్తాడు.

నీ మామయ్య


జూలై 24

మామయ్యా,

పోయిన ఉత్తరం పోస్టు చేసిన మర్నాడే బాధపడ్డాను. జీపు వెనక పరుగెత్తి తిరిగి తెచ్చుకోవాలనిపించింది. నిన్ను కష్టపెట్టాలని కాదు. ఇక్కడ పొద్దున్నే గాలి లెక్క రాస్తూ కూర్చుంటే, కింద నీ చెయ్యి తెగుతోందనీ, నీకు తెలియడం కూడా లేదనీ గుర్తొచ్చి లెక్క తప్పుతోంది. నాన్న పోయాక స్కూలుకి నా చెయ్యి పట్టుకొని తీసుకెళ్ళింది నువ్వు. ఆ చేతికి ఏమైనా అయితే నేను తట్టుకోలేను, అంతే.

నీ మొండితనం నాకు తెలుసు. పూర్తి చెయ్యకుండా నువ్వు లేవవు. సరే, పూర్తి చెయ్యి. అయితే ఒక మాట విను. అయిపోయాక అది నీ దగ్గర ఉండొద్దు. నాకు పంపెయ్యి. వచ్చే జీపులో పంపు. నా దగ్గరుంటే అత్తయ్య కంటినిండా నిద్రపోతుంది, నేనూ నిద్రపోతాను.

ఇక్కడ కోసేది తాళ్ళే ఎక్కువ. గాలి కొలిచే స్తంభాన్ని నిలబెట్టేవి నైలాన్ తాళ్ళు, అరిగిపోయినప్పుడల్లా కోసి మార్చాలి. నువ్వడిగినందుకు రాస్తున్నాను. ఎందుకడిగావో మాత్రం అర్థం కాలేదు.

మిరియాల మందు పనిచేసింది. తుమ్ములు తగ్గలేదు గానీ మాస్టారు పని బాగా చేస్తున్నారు.

నీ మేనకోడలు


ఆగస్టు 3

నా బంగారు మేనకోడలికి,

నీ ఉత్తరం చదివి మీ అత్తయ్యని పిలిచి చూపించాను. నాకు పంపెయ్యి అని రాసిందీ, చూడు అన్నాను. తనకేం అర్థమైందో గానీ, ఆ రోజు పాటలు పాడుతూ వంట చేసింది. నేనూ ఆ రోజు రెండు గ్లాసుల టీ ఎక్కువ తాగాను. నువ్వు వద్దన్నది కోపంలో అన్న మాటేననీ, కోపం తీరాక దారికొస్తావనీ అనుకుంటూనే ఉన్నాను. అనుకున్నానే గానీ, లోపల దిగులు వదల్లేదు.

పిడి పూర్తయింది. నూనె పట్టించి ఆరబెట్టాను. తాళ్ళు అన్నావు కాబట్టి అంచుని మరీ సన్నంగా తీయలేదు, కాస్త గరుకు ఉంచాను. నైలాన్ మీద నున్నటి పదును జారుతుంది, గరుకుది పట్టుకుంటుంది. ఒర కూడా నేనే కుట్టాను. చెప్పులు కుట్టే ఆయన నా కుట్టు చూసి నవ్వి, సగం విప్పి మళ్ళీ కుట్టాడు. ఆయనకి వంకీ చాకు ఇచ్చినందుకు నాకు ఇలా మేలు జరిగింది.

ఈ ఉత్తరంతో పాటు పొట్లం జీపులో వస్తుంది. బీరువా ఇప్పుడు ఖాళీ. అత్తయ్య అందులో దుప్పట్లు పెట్టేసింది. తలుపు తీస్తే ఇనుము వాసన బదులు కలరా ఉండల వాసన వస్తోంది.

అందగానే ఏం చెప్పాలో నీకు నేను మళ్ళీ చెప్పక్కర్లేదు. ఆ మాట కోసం చూస్తుంటాను.

నీ మామయ్య


ఆగస్టు 12

మామయ్యా,

పొట్లం క్షేమంగా అందింది. ఇక నిశ్చింతగా ఉండు.

నూనెగుడ్డ చుట్టి, దాని మీద తాడు ఎంత బిగించి కట్టావో! విప్పితే గాలి తగిలి తుప్పు పడుతుందేమోనని విప్పలేదు. అలాగే తీసుకెళ్ళి స్టోరు గదిలో ఇనప పెట్టెలో పెట్టి తాళం వేశాను. మీద ‘మామయ్యది’ అని చీటీ కూడా అంటించాను, ఎవరూ ముట్టుకోరు. నీ చేతికి నయమై, డాక్టరు సరేనన్నాక చెప్పు. ఉన్నది ఉన్నట్టు తిరిగి పంపిస్తాను. నీ వస్తువు నీకు అప్పజెప్పే పూచీ నాది.

నువ్వు ఇంత త్వరగా మాట వింటావనుకోలేదు. నిజంగా గుండెల మీద నుంచి బరువు దిగినట్టుంది. వేళ్ళు మానాయా? మందులు వేసుకుంటున్నావా?

ఇక్కడ వారం నుంచి మబ్బు విడవడం లేదు. బట్టలు ఆరవు, అగ్గిపుల్ల వెలగదు.

నీ మేనకోడలు


ఆగస్టు 22

చిరంజీవికి,

భద్రంగా దాచినందుకు సంతోషం.

నా చెయ్యి నయం కాదు. నరాల జబ్బు. రెండేళ్ళ నుంచి వేళ్ళ చివర్లు మొద్దుబారుతూ వచ్చాయి. మొదట్లో పదును బొటనవేలితో చూసుకుంటే ఏదో గుడ్డ మీద నుంచి తాకినట్టుండేది. ఇప్పుడు అదీ లేదు. గ్లాసు వేడిగా ఉందో చల్లగా ఉందో మీ అత్తయ్య చెబితే తెలియాలి. బీరువా ఖాళీ చేసింది అందుకే. ఈ ఒక్క కత్తికీ పదును పెట్టింది చేత్తో కాదు, చెవితో. పేపరు కోసి చప్పుడు వినడం. ఎక్కడ గరగరమంటే అక్కడ మళ్ళీ సాన పట్టడం. డాక్టరు చలికాలం దాటేసరికి పట్టు కూడా పోతుందన్నాడు. త్వరపడింది అందుకే.

మా జట్టులో ఒక పద్ధతి ఉండేది. పెద్దవాడు ఎవరినైనా పక్కకి పిలిచి ‘నీ చెయ్యి ఎలా ఉంది’ అని అడిగాడంటే, ఆ కుర్రాడు ఆ రోజంతా కాళ్ళు నేల మీద ఆనకుండా తిరిగేవాడు. మా పెద్దాయన నన్ను అడిగిన రోజున నేను అన్నం సరిగ్గా తినలేకపోయాను. ఎందుకు అడుగుతారో ఎవరూ ఎవరికీ విప్పి చెప్పేవారు కాదు. నీకూ తెలుసనుకున్నాను. అప్పటికి నువ్వు చిన్నపిల్లవి, తెలియదేమో. నాదే పొరపాటు.

ఉండనీ అక్కడే. తిరిగి పంపొద్దు.

మామయ్య

అత్తయ్య రాస్తున్నాను. నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి ఈయన నోటికి తాళం పడింది. పలకరిస్తే ఊ అంటారు. ఆ ఖాళీ బీరువా తెరిచి, దుప్పట్లు చూసి, మళ్ళీ మూసి వస్తారు. కత్తి పోయినందుకనుకున్నాను. అది కాదేమోననిపిస్తోంది. ఏం రాశావమ్మా?


సెప్టెంబరు 2

మామయ్యా,

ఈ ఉత్తరం రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది మూడోది, దీన్ని చింపను.

నీ ఉత్తరం వచ్చేలోపే ఇక్కడ ఒకటి జరిగింది. ముందు అది చెబుతాను. పోయిన శుక్రవారం మధ్యాహ్నం నుంచి గాలి పెరిగింది. స్తంభాన్ని పట్టి ఉంచే తాళ్ళలో ఒకదాని మేకు నేలలోంచి ఊడి వచ్చింది. స్తంభం ఒరిగింది. తుమ్ముల మాస్టారు పరుగెత్తి ఆ తాడు పట్టుకున్నారు. పట్టుకోవడమే తప్పయింది. గాలికి తాడు వెనక్కి కొట్టి ఆయన పిక్కకి చుట్టుకుంది, స్తంభం కూలి ఏటవాలులోకి జారడం మొదలుపెట్టింది, దాంతో పాటే ఆయన. నేను వెళ్ళి ఆయన చంకల కింద చేతులు వేసి లాగాను. స్తంభం బరువు ముందు నా బలం ఎంత? ఆయన ఒక బండకి చేతులు చుట్టి, ‘పోయి ఏదైనా తేమ్మా, కొయ్యి’ అని అరిచారు.

వంటగది అవతలి వైపుంది. స్టోరు గదే దగ్గర్లో ఉంది. తాళంచెవి నా మెడలోనే ఉంది. పెట్టె తెరిచి నీ పొట్లం పళ్ళతో చింపాను. చీటీ ఎక్కడ పడిందో తెలియదు. తొడుగులు తీసి పారేశాను, చేతులు తడి. వానలో ఆ పిడి పట్టుకోగానే, మామయ్యా, నా మొండి బొటనవేలు వెళ్ళి ఒక గుంటలో కూర్చుంది.

అంత హడావిడిలోనూ నాకు అది తెలిసింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నేను పట్టుకున్న ప్రతి పనిముట్టులోనూ ఆ వేలు దిక్కులేనిదానిలా పక్కకి చాచుకొనే ఉంది. చీపురైనా, పెన్నయినా, స్క్రూడ్రైవరైనా. మొదటిసారి దానికి ఒక చోటు దొరికింది. పిడి పక్కన, సరిగ్గా అది చాచుకునే వంకరలో, దాని పొడుగునా గుంట ఉంది. తడి చేత్తో, వాచిన వేళ్ళతో పట్టుకున్నా కత్తి అంగుళం కూడా కదల్లేదు. రెండు గీతలకి తాడు తెగింది. స్తంభం పోయింది. మాస్టారు ఉన్నారు. ఆయన పిక్క గుమ్మడికాయంత వాచింది. మంచం మీద పడుకొని తుమ్ముతున్నారు. ఆ తుమ్ము వింటే నాకు ఏడుపొస్తోంది.

మర్నాడు వెలుగులో కిటికీ దగ్గర కూర్చొని చూశాను. నా చెయ్యి ఇక్కడుంది, నువ్వు అంత దూరంలో ఉన్నావు. దాన్ని ముట్టుకోకుండా, కొలవకుండా, నేను రాసిన నాలుగు ముక్కలు పట్టుకొని చేశావు. గుంట పక్కన ఒకచోట చెక్క నల్లబడి ఉంది. గరుకు కాగితంతో రుద్దినట్టున్నావు, పోలేదు. అదేమిటో నాకు తెలుసు. దాని మీద వేలు పెట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. తరవాత చూస్తే అలుగు మీద గోధుమరంగు మచ్చ ఒకటి మొదలైంది. తడి తుడవడం మరిచిపోయాను. నువ్వు తిడుతున్నట్టే అనిపించి, లేచి తుడిచి నూనె రాశాను.

ఆ తరవాత జీపులో నీ ఉత్తరం వచ్చింది. ‘నీ చెయ్యి ఎలా ఉంది.’ నువ్వు మొదటి ఉత్తరంలోనే అడిగావు, నా చేతికి తగ్గ పిడి వేసి నీ కత్తి నాకివ్వడానికి. నేను సమాధానం రాసి, నీ చేతి గురించి దిగులుపడ్డాను. ఆరుబయటికి ఒక కత్తి అంటే నీకే అనుకున్నాను. నీ మాటలన్నీ నీ గురించేనని చదివాను, నువ్వు నా మాటలన్నీ ఆ కత్తి అందుకోవడం గురించని చదివావు. నేను నాకు పంపెయ్యి అన్నది దాచడానికి. నువ్వు నేను అడిగానని పంపావు. అత్తయ్య పాటలు పాడిందని రాశావు చూడు, అది ఇప్పుడు మళ్ళీ చదివినప్పుడు నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. తాళం వేశాను మామయ్యా. నువ్వు చేసిచ్చినదానికి తాళం వేసి, నీ పేరే అంటించి, అది చాలా మంచిపనని నీకు రాశాను కూడా.

నాకు పదును పెట్టడం రాదు. నువ్వు నేర్పబోయినప్పుడల్లా పారిపోయేదాన్ని. సెలవు పెట్టాను. కొత్త స్తంభం వచ్చేదాకా ఇక్కడ కొలవడానికి పెద్దగా ఏమీ లేదు, ఒప్పుకున్నారు. నెలాఖరు జీపులో దిగుతున్నాను. సానరాయి బయట పెట్టి ఉంచు. చలికాలానికి పట్టు పోతే పోనీ. నేను సాన పడతాను, పేపరు కోస్తాను, నువ్వు కుర్చీలో కూర్చొని విను. ఎక్కడ గరగరమంటే అక్కడ చెప్పు. నీ చెవి బాగానే ఉందిగా, అత్తయ్య గొణుగుడు తప్ప అన్నీ వినిపిస్తాయి.

ఆ రోజు కొండ మీద సిగ్గుపడి నోరు తెరవకపోతే, జట్టంతా ఆగినా సరే నువ్వు పట్టు వదల్లేదు. ఈసారీ అలాగే నెలంతా పట్టుకొని నిలబెట్టాను నిన్ను. క్షమించు.

దీన్ని రాస్తూ కత్తిని ఎడమచేతి పక్కనే పెట్టుకున్నాను. ఇప్పుడు కలం కింద పెట్టి దాన్ని కుడిచేతిలోకి తీసుకొని, మాస్టారు ఉలిక్కిపడేలా పైకి అన్నాను. నీకు వినపడదు కాబట్టి మళ్ళీ రాస్తున్నాను.

నా చేతిలో ఉంది, మామయ్యా. ఇక నువ్వు వదలొచ్చు.

నీ మేనకోడలు